అత్తమ్మ ఫోను నా చెవుల్లో మోగిన రోజు

పదో తరగతిలో ఉండగా వచ్చిన ఒక జ్వరం పోతూ పోతూ నా వినికిడిని కూడా తీసుకుపోయింది. పూర్తిగా కాదు. ఎదురుగా నిలబడి పెదవులు కనపడేలా మాట్లాడితే సగం వినపడేది, మిగతా సగం ఊహించుకునేదాన్ని. పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చాక నా పని కూడా దానికి తగ్గట్టే కుదిరింది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వచ్చిన ఆడవాళ్లు కొలత జాకెట్టు చేతిలో పెట్టి, మెడ ఎంత దించాలో వేలితో గీసి చూపించేవాళ్లు. ఆ పనిలో చెవులతో పెద్దగా అవసరం పడలేదు.

అవసరమల్లా ఫోను దగ్గరే వచ్చింది. మా ఆయన మస్కట్‌లో వెల్డింగు పని చేసేవాడు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోను చేసేవాడు. ఆ ఫోను మా అత్తమ్మ ఎత్తేది. నాకు అప్పటికి ఒక పాత చెవి మిషను ఉండేది గానీ, ఫోను దాని దగ్గరికి తెస్తే చాలు, కుయ్యిమని కూత పెట్టేది. మిషను తీసేసి ఫోను ఆనించుకుంటే ఏదో గొణుగుడు తప్ప మాట తెలిసేది కాదు. అందుకని మా ఆయన అన్నది అత్తమ్మ విని, నా వైపు తిరిగి, వాడకట్టంతా వినేలా చెప్పేది.

"మంచిగున్నవా అంటుండు!"

నేను తల ఊపేదాన్ని.

"మంచిగనే ఉన్నదిరా, తలకాయ ఊపుతున్నది," అని ఆమె ఫోనులో చెప్పేది.

అత్తమ్మ మంచిదే. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక్క మాట పోనివ్వకుండా అందించేది. కానీ ఆలుమగల మాటలన్నీ తల్లి నోటి నుంచి పోవాలంటే ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు? వానలు పడ్డాయా, నాట్లు అయ్యాయా, తిన్నావా. అంతే. ఏళ్ల తరబడి మా కాపురం ఆ మూడు మాటల మీదే నడిచింది.

రెండు వేల పన్నెండులో అతను సెలవు మీద వచ్చాడు. అక్కడ తనతో పనిచేసే ఒకతను మెడలో చిన్న పెట్టె వేలాడదీసుకుని, చెవి మిషన్లలోనే ఫోను వినడం చూశాడట. వచ్చిన వారంలోనే నన్ను బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయాడు. అక్కడ చెవి మిషన్ల దుకాణం నడిపే ఆమెకు దాదాపు నా వయసే ఉంటుంది. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులు పరీక్ష చేసి, రెండు చెవులకూ కొత్త మిషన్లు పెట్టింది. మెడలో తాడుతో ఒక నల్లటి డబ్బా వేసింది. ఫోనులోని మాట తీగ లేకుండా ఈ డబ్బాకు వస్తుందట, డబ్బా నుంచి చెవులకు పోతుందట, నా మాటను డబ్బాలోని మైకు తీసుకుంటుందట. ఈసారి నాకని తెచ్చిన ఫోనులో చార్జింగు లేకపోతే, మా ఆయన అత్తమ్మ కోసం తెచ్చిన కొత్త ఫోను సంచిలోంచి తీసిచ్చాడు. దుకాణం ఆమె దాని బ్లూటూత్ పెట్టి, రెండింటినీ ఎట్లా కలపాలో ఒకసారి చేసి చూపించింది. కాసేపు నా ఫోనును చార్జింగుకు పెట్టి, తర్వాత దాన్ని కూడా కలిపింది.

మా ఆయన బయటికి వెళ్లి, రోడ్డవతల నిలబడి నాకు ఫోను చేశాడు. డబ్బా మీది బొత్తం నొక్కాను.

"నేనే. ఇనవడుతుందా?"

ఆ గొంతు ఎక్కడో రోడ్డవతల కాదు, నా తల నడుమ ఉంది. నేను అనుకున్నదానికంటే సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. అన్నేళ్లలో అతని గొంతు అంత దగ్గరగా వినలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అంతలో ఫోనులోనే లారీ హారను గట్టిగా వినపడింది.

"బండ్లొస్తున్నయ్, జర పక్కకు జరుగు," అన్నాను.

అద్దంలోంచి చూస్తే అతను పక్కకు జరిగి, అక్కడే నిలబడి నవ్వుతున్నాడు. దుకాణం ఆమె కూడా నవ్వింది. నాకు మాత్రం కళ్లు మసకబారాయి.

ఇంటికి రాగానే అత్తమ్మ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "గిదేందే, ఇంకో పుస్తెలతాడా?" అంది.

అతను మళ్లీ మస్కట్ వెళ్లాక అసలు తిప్పలు మొదలయ్యాయి. మా ఇంట్లో సిగ్నలు కిటికీ దగ్గరే దొరికేది. ఫోను కిటికీలో ఉంటే, కుట్టుమిషను దగ్గర కూర్చున్న నాకు మాట ముక్కలై వచ్చేది. నేను అటు తిరిగి దారం తీసుకుంటే చాలు, మొత్తం తెగిపోయేది. కరెంటు పోయి డబ్బాకు చార్జింగు ఎక్కకపోతే ఆ శుక్రవారం మళ్లీ అత్తమ్మే దిక్కు. చివరికి మిగిలిన జాకెట్టు గుడ్డతో ఒక సంచి కుట్టి, ఫోనును అందులో వేసి డబ్బా పక్కనే మెడలో వేసుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. అప్పటి నుంచి చాలావరకు నిలిచింది. చేతిలో ఫోను లేకుండా నవ్వుకుంటూ మాట్లాడుతున్న నన్ను చూసి ఎదురింటామె, "నీ కోడలుకు గాలి గిట్ల సోకిందా?" అని అత్తమ్మను అడిగిందట.

ఏం మాట్లాడుకున్నామంటే, పెద్ద విషయాలేమీ లేవు. అతను గదిలో వంట చేస్తాడని నాకు అప్పుడే తెలిసింది. పప్పు మాడిందని చెప్పేవాడు. "ఏం కుడుతున్నవ్? ఏం రంగు?" అని అడిగేవాడు. నెమలికంఠం రంగు అంటే, అది ఎట్లుంటదో చెప్పమనేవాడు. ఆ చెప్పడంలోనే చాలాసేపు గడిచిపోయేది.

అత్తమ్మ తన కొత్త ఫోనును బీరువాలో దాచుకుంది, పాతది పనిచేస్తుండగా కొత్తది వాడటం దండగని. ఎండాకాలంలో ఆ పాతది నీళ్ల గోళెంలో పడింది. అప్పుడు కొత్తది బయటికి తీసింది. తీసిన నాటి నుంచీ ఒకటే గోల. మోగుతుంది, ఎత్తితే మాట రాదు. "అలో, అలో" అని అరిచి అరిచి పెట్టేసేది. బస్టాండు దగ్గరి ఫోన్ల దుకాణానికి తీసుకుపోతే అక్కడ బాగానే పనిచేసేది. ఇంటికి తెస్తే మళ్లీ మూగపోయేది. "నా గడప దొక్కితె దీనికి ఏమైతదో ఏమో," అని విసుక్కునేది. ఆ సమయంలో నా డబ్బా చాలాసార్లు గోడకు మేకు మీదే ఉండేది. చార్జింగు పెట్టి అలాగే వదిలేసేదాన్ని, ఆపడం గుర్తుండేది కాదు.

ఒక మధ్యాహ్నం డబ్బా మెడలో వేసుకుని జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. అత్తమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. ఉన్నట్టుండి నా చెవుల్లో ఫోను మోగింది. సంచిలో చూస్తే నా ఫోను చీకటిగా ఉంది. మోత ఆగి, ఒక ఆడగొంతు వచ్చింది.

"అమ్మా... ఇనవడుతుందానే? అమ్మా, నాకు నాలుగో నెల పడ్డదే."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. బీర్కూర్‌లో ఇచ్చిన మా ఆడబిడ్డ. రెండుసార్లు కడుపు నిలవక, పేరంటాలకు పోవడం కూడా మానేసిన పిల్ల.

"గీసారి ఎవ్వరికి చెప్పలేనే. భయమైంది. ఇయ్యాల స్కానింగ్ తీసిండ్రు, మంచిగున్నదన్నరు. అమ్మా, మాట్లాడవేందే?"

తలుపులోంచి చూస్తే అత్తమ్మ అరుగు మీద ఫోనును అరచేత్తో కొడుతూ "అలో! అలో!" అంటోంది. నేను ఊరుకోలేకపోయాను.

"నేను, వదినెను," అన్నాను మెల్లగా.

డబ్బాను నోటికి దగ్గరగా ఎత్తి పట్టుకున్నాను.

"వదినె? నీకు... నీకు ఇనవడుతుందా?"

"అంత ఇన్న. నాలుగో నెల."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో ఫోనులో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడవచ్చని మా ఇద్దరికీ తోచలేదు. ఏం తింటున్నావు, బరువులు ఎత్తుతున్నావా అని నేను అడుగుతూ పోయాను. ఆమె చెబుతూ పోయింది.

ఇక అత్తమ్మ విసిగి ఫోను పెట్టేయకముందే అరుగు మీదికి వెళ్లి, "అత్తమ్మా, ఆడబిడ్డకు నాలుగో నెలట," అన్నాను.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకెట్ల తెల్సు? ఫోను నా చేతులున్నది గద!"

చెబితే అర్థమయ్యేది కాదు. ఆమె చేతిలోని ఫోనును ఆమె చెవికే పెట్టి, నా మెడలోని డబ్బా ఆపేశాను. నా చెవుల్లో గొంతు ఆగిపోయింది. అత్తమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆమె లేవగానే ఒళ్లోని చాట జారి, ఆకూ తంబాకూ అరుగంతా పడ్డాయి. వాటిని ఎత్తాలని కూడా చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా బిడ్డ, నా బిడ్డ," అంటూ నిలబడింది.

ఆ వారంలోనే ఇద్దరం కామారెడ్డి వెళ్లాం. దుకాణం ఆమె వినగానే తల పట్టుకుని నవ్వింది. మొదటి రోజు చూపించడానికి కలిపిన ఫోనును డబ్బా గుర్తుంచుకుందట, అది దగ్గరలో ఉంటే దాని మాటను కూడా లాక్కుంటుందట. ఆమె డబ్బా జ్ఞాపకంలోంచి అత్తమ్మ ఫోనును తీసేసింది. అత్తమ్మ మాత్రం అక్కడ చెవి పరీక్షకు వచ్చిన వాళ్లందరికీ ఈ కథ మొదటి నుంచి చెప్పింది. "గా డబ్బ తప్పు జేసిందనకుండ్రి. మంచి పనే జేసింది," అంది.

ఆ తర్వాత ఆడబిడ్డ మధ్యాహ్నాలు నాకే ఫోను చేసేది. తల్లికి చెబితే కంగారు పడుతుందని కాళ్లు వాచిన సంగతి, నిద్ర పట్టని సంగతి నాకు చెప్పేది. కామారెడ్డి ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. నేనూ అక్కడే ఉన్నాను. మా ఆయన ఫోను చేసి, పిల్ల గొంతు వినిపించమన్నాడు. ఫోను దగ్గర పెడితే లాభం లేదు, మైకు ఉన్నది డబ్బాలో. పిల్లను ఎత్తుకుని, బుగ్గ డబ్బాకు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకున్నాను.

"ఏడుస్తలేదేంది?" అన్నాడు మస్కట్ నుంచి.

"పండుకున్నది. జర ఆగు, ఊపిరి ఇనవడ్తది."

అతను ఆగాడు. ఇద్దరం అలాగే చాలాసేపు వింటూ ఉన్నాం.