లేయా నాటకంలో మా అమ్మ

మా చిన్నప్పుడు... ఏటా వసంతంలో ఒక వారం పాటు మా పక్కింటి లేయా రొట్టె ముట్టేది కాదు.

ఊరు మిషిగన్‌లోని ట్రాయ్. లేయా వాళ్ళు యూదులు. ఆ వారం వాళ్ళకి పాసోవర్ పండగ, పులిసి పొంగిన రొట్టె తినకూడదు. పొంగని పల్చటి మాట్సా రొట్టెలు డబ్బాలో తెచ్చుకుని, స్కూల్లో అందరి శాండ్‌విచ్‌ల వంకా చూస్తూ కరకరా నమిలేది. మిగతా రోజుల్లో నా పులిహోర చూసి మూతి తిప్పే పిల్లలు ఆ వారం లేయా వైపు తిరిగేవారు... నాకు కాస్త విశ్రాంతి.

ఈ సంగతి చెబితే అమ్మ ఊరుకోలేదు. ఇడ్లీలు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. తలుపు తీసిన లేయా నాయనమ్మ, తమ ఆచారంలో ఈ వారం బియ్యం తినకూడదంది. పప్పులూ కూడవంది. "ఆవాలూ వద్దా?" అని నన్ను అడగమంది అమ్మ. అవీ వద్దంది ఆవిడ.

"ఆవాలూ వద్దు, మినప్పప్పూ వద్దంటే ఇంక పోపు ఎలా పెడతారే?" అంది అమ్మ, ఇంటికొచ్చాక. చాలాసేపు దిగులుగా కూర్చుంది.

మర్నాడు, రోజూ వాడే గిన్నెలు కూడా ఆ పండక్కి పనికిరావని తెలిసి కొత్త మూకుడు కొని, పోపు లేకుండా బంగాళాదుంప వేపుడు చేసింది... ఉప్పూ కారం మాత్రమే. ఆ కారానికి ముక్కు తుడుచుకుంటూనే లేయా నాయనమ్మ గిన్నె ఖాళీ చేసింది. ఆ తర్వాత ఏటా ఆ పండక్కి మాత్రమే ఆ మూకుడు బేస్‌మెంట్‌లోంచి పైకొచ్చేది.

ఈ ఫిబ్రవరిలో అమ్మ పోయింది. అప్పట్నుంచీ నాకు ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. ఆఫీస్‌కి వెళ్తున్నాను, వస్తున్నాను...

లేయా ఇప్పుడు నటి. తన చిన్నతనాన్నే పాటలూ జోకులతో నాటకంగా రాసుకుని, అన్ని వేషాలూ తానే వేస్తోంది. ఫోన్ చేసి, అందులో మీ అమ్మ మీద ఒక పాట ఉంది, నువ్వు వద్దంటే తీసేస్తానంది.

"ఉంచు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్నని తీసుకుని వెళ్ళాను. చిన్న హాలు. పదమూడేళ్ళకి వాళ్ళు చేసే వేడుకలో అందరి ముందూ హీబ్రూలో చదవాల్సింది మర్చిపోయి, నోటికొచ్చిన రాగం తీశానని లేయా పాడుతుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను.

తర్వాత అమ్మ పాట వచ్చింది. ఒక శాలువా కొంగులా వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి, తెలుగులోనే అడిగింది... "ఆవాలూ వద్దా?"

అర్థం కాకపోయినా హాలంతా నవ్వింది. నాకేమీ అనిపించలేదు. కొంగు కుడి భుజం మీద వేసుకుంది... దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పక్క కుర్చీ కదిలింది. నాన్న నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వుతున్నారు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అయ్యాక లేయా ఆ శాలువాతోనే పరుగున వచ్చింది. తప్పుగా ఏమీ అనుకోలేదు కదా అని నాన్నని అడిగింది. ఆయన శాలువా అంచు పట్టుకుని మెల్లగా ఎడమ భుజం మీదికి మార్చారు.

"లెఫ్ట్ సైడ్, అమ్మా" అన్నారు. "మా ఆవిడ ఎప్పుడూ ఇటే వేసుకునేది."

లేయా ఏడ్చేసింది. నేను నాన్న కోటు పట్టుకుని నిలబడ్డాను.

కార్‌లో ఇంటి దగ్గరికి వచ్చాక నాన్న అన్నారు...

"నెక్స్ట్ సండే కూడా షో ఉందా? ఉంటే బుక్ చేయి. నువ్వూ రా."

బుక్ చేశాను.

ట్రాయ్‌లో ఆ రెండిళ్ళూ ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో పక్క తలుపు వెనక ఎవరుంటారో తెలియదు... పార్సెల్ మీద పేరు చూశానంతే.

మీరు ఏ పక్కింటి వంట తిని పెరిగారో కింద రాయండి... అన్నీ చదువుతాను. ఏమైనా అనిపిస్తుందేమో చూస్తాను.