దొరకని మాసిక

ఆ లాండ్రీలో ఆమెను అందరూ పిన్ని అనేవారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన ఇస్త్రీ తాతక్కూడా ఆమె పిన్నే. హోటళ్ల నుంచి వచ్చే సర్వర్ల కోట్లకి మాసికలు వేస్తూ ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మొగుడు పోయాక ఇద్దరాడపిల్లల్ని అక్కడ కూర్చునే చదివించింది. ఆ కుర్చీ మీద ఆమెకెంత మమకారమో వేరే చెప్పాలా?

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్‌కి అదే కంట్లో నలుసైంది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి! ఈ అతుకులేమిటి, చూసేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉండదూ అన్నాడు. నెలాఖరుకి కుర్చీ తీసేసి అక్కడ కొత్త మెషీన్ పెడతానన్నాడు. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టు ఇలా పోవాలా అని పిన్నికి ఒళ్లు మండిపోయింది.

"పన్నెండు కోట్లు మీ ముందు పెడతాను బాబూ, కోటుకో మాసిక. సగం పట్టుకోండి చాలు, నా అంతట నేనే పోతాను" అంది.

మర్నాడు పొద్దున అందరూ పని ఆపేసి మూగారు. సూపర్‌వైజర్ సుద్దముక్క పట్టుకుని ఒక్కో కోటునీ వెలుతురుకెత్తి చూశాడు. ఏడింటి మీద సున్నాలు చుట్టాడు. వాటిలో సరైనవి మూడే. మిగతా నాలుగూ శుభ్రమైన గుడ్డ మీద పడ్డాయి, పాపం! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మిగిలిన ఐదింటికీ అసలు మాసికలే లేవు, మంచి కోట్లు కలిపేశావని ఎగిరాడు.

పిన్ని నాలుగు కోట్లలో మాసికలు టకటకా చూపించింది. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. మోచేతులు తడిమింది, జేబులు తడిమింది. ఎక్కడ వేసిందో ఆమెకే దొరకలేదు. సూపర్‌వైజర్ మొహం వెలిగిపోయింది.

అప్పుడు ఆమె కోటు తిరగేసి, అంచు మడత కుట్లు విప్పింది. కొత్త గుడ్డతో మాసిక వేస్తే ఉతుకులో ముడుచుకుపోయి పాత గుడ్డని చింపుతుంది. అందుకే ఆమె ఎప్పుడూ ఏ కోటుకి ఆ కోటు మడతలోంచే ముక్క కత్తిరిస్తుంది. అదీ ఇదీ కలిసే ఉతుకులు తిన్నాయి కదా. మడత లోపల బొటనవేలంత ఖాళీ కనిపించింది.

"ముక్క ఇక్కడ తీశాను బాబూ. ఎక్కడ వేశానో మాత్రం ఆ దేవుడికే తెలియాలి" అంది పిన్ని.

ఇస్త్రీ తాత నవ్వలేక కూలబడ్డాడు. సూపర్‌వైజర్ కళ్లజోడు తుడుచుకుని భోజనాల వేళదాకా వెతికాడు. చివరికి కోటు ఆమె చేతికిచ్చి, మెషీన్ మేడ మీద పెట్టిస్తానన్నాడు.

ఆ కోటు హోటలుకి వెళ్లేదాకా పిన్ని ఖాళీ దొరికినప్పుడల్లా దాన్ని తీసి వెతికేది. దొరకనప్పుడల్లా ఏనుగెక్కినంత సంబరపడేది.