ఎర్ర గుడ్డ మీద పసుపు చుక్క

పటాలంలో లారీ డ్రైవరునైన నన్ను బోధన్ చెరకు బాట కాపలాకు పంపినప్పుడు పుష్యమాసం. పొద్దున ఆరింటికి నిజామాబాద్ నుంచి లారీ తోలుకుని దిగాను. పదిహేడు మైళ్లు. మంచులో నా బండి ముక్కే నాకు కనబడలేదు. నేలంతా నల్లరేగడి. డేరాలు మూడు, తుపాకులు పన్నెండు, లారీలు రెండు.

హుకుం ఒక్కటే. డేరాల నుంచి చక్కెర ఫ్యాక్టరీ దాకా రెండు మైళ్లు, రోజుకు నాలుగుసార్లు, కాపలావాళ్లను చేరవేయాలి. ఇంజన్ వేడెక్కేలోపే దారి అయిపోయేది.

మా జమేదారుకు కొత్త సరుకంటే పిచ్చి. ఎక్కడినుంచో ఒక డబ్బా తెచ్చాడు. క్లోరిన్ కలిపిన మందట, నూనెలో పోస్తే ఇంజన్ అరగదట. "ముందుగాల నీ బండికి పొయ్యి. రెండోదాని సంగతి తర్వాత," అన్నాడు. పోశాను. పైవాడి మాట, పోయకుంటే ఊరుకుంటాడా!

రెండు నెలలకు నా లారీ ఆగిపోయింది. విప్పితే సిలిండర్ల నిండా తుప్పు, గుంటలు. జమేదార్ మండిపడ్డాడు.

"నూనె అమ్ముకొని నీళ్లు పోసినవురా! రేపు పదింటికి కప్తాన్ సాబ్ వస్తడు. నీ పేరు కొట్టేయిస్త."

దొంగ అనిపించుకుని మా ఊరు నందిపేటలో బాపు ముందు ఎట్లా నిలబడాలి?

ఫ్యాక్టరీలో చెరకు రసానికి సున్నం కలిపే ముసలి మిస్త్రీని మేం చాచా అనేవాళ్లం. సంగతి విని నవ్వాడు. "ఏడుస్తవెందుకు బేటా? గా నూనెల పులుపుందో లేదో సూద్దాం పా."

పసుపు గుడ్డకు సున్నపు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. దానికి పులుపు తగిలితే మళ్లీ పసుపే. రసంలో సున్నం సరిపోయిందో లేదో ఆయన రోజూ ఇట్లాగే చూసేవాడు.

మర్నాడు కప్తాన్ ఎదుట రెండు సీసాల్లో మంచినీళ్లు పోశాడు. ఒకదాంట్లో నా బండి నూనె, ఇంకోదాంట్లో రెండో బండి నూనె కలిపి గిలకొట్టాడు. నీళ్లు అడుక్కు దిగాక, సున్నం తగిలి ఎర్రబడ్డ గుడ్డ మీద ఆ నీటి చుక్క వేశాడు. మందు పోయని రెండో బండిది ఎర్రగానే ఉంది. ఇక నాది. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ని, గుడ్డపేలిక ముందు గొంతుక్కూర్చున్నాను.

చుక్క పసుపుపచ్చకు తిరిగింది.

"సూడుండ్రి సాబ్," అన్నాడు చాచా. "మందు వేడికి విరిగింది. సల్లటి ఇంజన్ల పట్టిన చెమ్మతోని కలిసి తేజాబ్ అయింది, గదే ఈ పులుపు. ఇనుమును అదే తిన్నది. పోరనిది తప్పు లేదు."

"మందు ఎవరు పోయమన్నరు?" అని కప్తాన్ అడిగాడు.

జమేదార్ నేల చూశాడు. "నేనే సాబ్."

అమ్మయ్య! పోయిన ప్రాణం లేచి వచ్చింది. చాచా కాళ్లు పట్టుకోబోతే కసిరాడు.

దూరం పోయి బాగా కాగే బండిలో ఆ మందు ఏం చేసేదో నాకు తెలియదు. మా చలి బండిని మాత్రం తినేసింది.

ఫాల్గుణంలో నందిపేట చేరాను. వాకిట్లో పసుపు ఉడుకుతోంది. బాపు పైకి కిందికి చూశాడు.

"ఏం రా, తీసేసిండ్రా?"

"లేదు బాపు, సెలవు మీద వచ్చిన."

ఆ ఒక్క మాట తలెత్తుకుని అనగలిగాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరు పసుపు కలిపినా ఆ ఎర్ర గుడ్డే కళ్లముందు నిలుస్తుంది. దాని నడుమ, గోరంత పసుపు చుక్క.