ఆ దిగుడులో నా ఎడమ కాలు

పోయిన వారం మా అమ్మాయి కొత్త కారు నేనే నడుపుతూ చిన్నాన్నను మదనపల్లె నుంచి కుప్పంలో పెళ్లికి తీసుకుపోతుంటే, పుంగనూరు దాటాక వచ్చే పెద్ద దిగుడులో నా ఎడమ కాలు దానంతటదే లేచి ఉత్త నేలను గట్టిగా తొక్కింది. క్లచ్చే లేని కారు అది. పక్కనున్న చిన్నాన్న నా కాలి వంక చూసి, ముఖం తిప్పుకుని రోడ్డు చూస్తూ ఉండిపోయాడు.

నా ఈడు వాళ్లకు పాత లారీల గేర్లు గుర్తుండే ఉంటాయి. కింది గేరుకు రావాలంటే క్లచ్చి తొక్కి, గేరు విడిపించి, కాలు తీసి కాస్త ఆక్సిలేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కితే తప్ప పళ్లు కలిసేవి కావు. అది నాకు నేర్పింది పుంగనూరులో బ్రేకుల షెడ్డు నడిపిన ఈ చిన్నాన్నే. "ఎక్కిన గేర్లోనే దిగల్లప్పా, దిగుడులో క్లచ్చి తొక్కితే బండి నీ మాట ఇనదు" అనేవాడు. కుర్ర డ్రైవర్లం మేమేమో న్యూట్రల్‌లో వేసి, ఇంజను పట్టు వదిలేసి చప్పుడు లేకుండా జారిపోవడమే గొప్పనుకునేవాళ్లం.

తాను బ్రేకులు కట్టిన బండి మొదటి లోడుతో బయల్దేరితే అందులో తానే కూర్చుని పోవడం ఆయన పద్ధతి. చాలా ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఆయన అప్పుడే బ్రేకులు కట్టిన నా లారీలో టమోటా లోడుతో ఇదే దారిలో పోతూ, మా ఇద్దరి మధ్య ఇంజను మూత ఎత్తుగా ఉంది, నా కాలు ఆయనకు కనబడదులే అని దిగుడు మొదట్లోనే న్యూట్రల్ కొట్టాను. ఇంజను చప్పుడు పడిపోయి గాలి చప్పుడు పెరిగింది. కాసేపటికి బ్రేకులు మాడిన వాసన. గేరు వేయబోతే పళ్లు గరగరమన్నాయి గాని పడలేదు. మలుపులో బండిని గట్టుకు గుద్దించి ఆపాను. ముందుకు ఆన్చిన చిన్నాన్న కుడిచేయి నలిగిపోయింది.

జనం చేరగానే "బ్రేకు ఫెయిలాయె" అన్నాను, లైసెన్సు పోతుందన్న భయంతో. "సొంత అన్న కొడుకు బండికే సరిగ్గా కట్టల్యా, మన బండికేం కడ్తాడు?" అని లారీల వాళ్లు అటు రావడం మానేశారు. చేయి నయమైంది, షెడ్డుకు మాత్రం మళ్లీ బండి రాలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. పాపం, తన పనే చెడిందనుకుంటున్నాడని సర్దిచెప్పుకుని, ఆ తలపు చాటున ఇన్నేళ్లు బతికాను.

పోయిన వారం దిగుడు అయిపోయాక చిన్నాన్న నెమ్మదిగా అన్నాడు: "ఆ పొద్దు ఇంజను సద్దు పడిపోయినప్పుడే తెలిసెప్పా. నువ్వే చెప్తావని సూస్తాండాను."

పెళ్లిలో పాత లారీ ఓనరొకాయన "ఓ, బ్రేకులప్ప వచ్చినాడే! కారుకు బ్రేకులు ఉండాయో లేదో సూడండప్పా" అంటే అందరూ నవ్వారు, చిన్నాన్న కూడా నవ్వాడు. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ బ్రేకుల్లో ఏ లోపమూ లేదు. తప్పు నాది.

ఇప్పటి కార్లు తమ గేరు తామే ఎంచుకుంటాయి, ఎడమ కాలికి పనే లేదు. మా అమ్మాయికి ఎక్కిన గేర్లోనే దిగాలన్న మాట తెలియదు, చెప్పేందుకు ఆ షెడ్డూ లేదు, అక్కడ సెల్‌ఫోన్ల అంగడి వెలిసింది. తాను బ్రేకులు కట్టిన బండిలో తానే కూర్చునే మనిషి, తాను గేర్లు నేర్పిన మనిషి పక్కన ఇంకా కూర్చుంటూనే ఉన్నాడు.