బొమ్మ పడ్డ సాయంత్రం

నా జన్మలో ఒక్కసారే మనిషి చెవి కొరికాను. అది కూడా సినిమా పండుగలో. నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరూ ఎప్పుడూ అనేవాళ్లు, నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు.

సీతాఫల్‌మండిలో మా బస్తీ హాల్లో ఏటా రెండు రోజులు, బస్తీవాళ్లు ఫోన్లతో తీసిన చిన్న సినిమాలు వేస్తాం. కుర్చీలు మోయడం, గేటు దగ్గర నిలబడి జనాన్ని పిలవడం నా పని. ఆ ఏడు మా పక్కింటి అక్క సినిమా ఉంది. ఆమె జాకెట్లు కుడుతుంది. రెండేళ్లు తిరిగి మా గల్లీ మనుషుల్నే తీసింది. తెర కూడా తనే తెల్ల దుప్పట్లు కలిపి కుట్టింది. గల్లీవాళ్లు వచ్చి చూడాలి, ఆమెకున్న ఆశంతా అదే. తీరా వచ్చింది పదకొండు మంది. అందులో నలుగురు ఫ్యాను గాలికి వచ్చినవాళ్లు.

సినిమా మొదలైంది. నాకు ఒళ్లు మండింది. గేటు బయటికొచ్చి, చిన్నప్పుడు టాకీసు ముందు అరిచినట్టే గొంతు చించుకున్నాను.

"బొమ్మ పడ్డది! బొమ్మ పడ్డది! ఉరికి రాండ్రి!"

ఆట మొదలైందంటే మేం అనే మాటే అది. కానీ వారం కిందటే మా చౌరస్తాలో ఒక నాయకుడి బొమ్మ నిలబెట్టారు. కావాలని ఒక జట్టు, వద్దని ఒక జట్టు, రోజూ కొట్లాటే. ఆ సంగతి నా పాడు బుర్రకు తట్టలేదు. చాయ్ హోటల్ దగ్గరున్న పాతికమంది నిజంగానే ఉరికొచ్చారు. అబ్బో, నా మాటకు ఎంత విలువ అనుకున్నాను.

"ఎవల పనిరా ఇది?" అన్నాడు ముందున్న లావుపాటి మనిషి.

"మా అక్కదే! లోపల తెర కాడున్నది, పోండ్రి!" గర్వంగా చెయ్యి చూపించాను.

వాళ్లు నన్ను తోసుకుని లోపలికి పోతుంటే అప్పుడు కనబడ్డాయి కర్రలు. మొదటి దెబ్బకు కుర్చీ విరిగింది. రెండోది అక్క కుడి మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. తెర నిలువునా చిరిగింది. కొట్టిన ఆ లావుపాటివాణ్ణి మెడ పట్టి గోడకేసి బాదాను. వాడు నా మూతి పగలగొట్టాడు. నోటి నిండా రక్తంతోనే వాడి చెవి కొరికాను. చంపేద్దామనే ఉంది, అబద్ధమెందుకు.

"మా బొమ్మనే పడగొడ్తరారా!" అని అరిచాడు వాడు.

వాడి చెవి వదిలేశాను.

"అరే, సినిమా బొమ్మరా! సినిమా!"

ఎవరో చౌరస్తాకు ఉరికి చూసొచ్చారు. "బొమ్మ మంచిగనే ఉన్నదన్నా."

కర్రలు కిందికి దిగాయి. చిరిగిన తెర మీద సినిమా ఇంకా ఆడుతూనే ఉంది.

"దవాఖానకు పోదాం పా అక్కా," అని ఏడ్చాను.

"అయినంక పోదాం," అంది, వేలాడుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని. "గిన్ని రోజులకు గల్లీ అంతా ఒచ్చింది. కట్టెలు బయట పెట్టి కూసోమను."

కూర్చున్నారు. ఆ లావుపాటివాడు చెవికి రుమాలు అదుముకుని ముందు వరసలోనే కూర్చున్నాడు.

దవాఖానలో కట్టు కడుతుంటే అక్క నా వైపు తిరిగింది. "అది నా పనని వాళ్లకెవలు చెప్పిండ్రు తమ్మీ?"

పగిలిన నా మూతి చూపించి, దీనికీ ఒక కట్టు కట్టమని డాక్టర్‌ను అడిగాను.