అత్త బండికి ఏమీ కాలేదు

అత్త పోయిందని ఫోన్లో విన్న తర్వాత కూడా నేను మిగిలిన బోల్టులు బిగించాను. పులివెందులలో మా షెడ్డు. ఒక పెట్రోలు కారుకు ఇంజిన్ హెడ్ దించి, కొత్త గాస్కెట్ వేసి, మళ్ళీ కూర్చోబెడుతున్నాను. హెడ్ బోల్టులు నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. సగంలో వదిలితే హెడ్ సమంగా కూర్చోదు. ఇది సాకేనని నాకూ తెలుసు. చేతిలో పని ఉన్నంతసేపు ఏడవక్కర్లేదు, అంతే. చివరి బోల్టు అయ్యాక చేతులు కడుక్కుని ప్రొద్దుటూరు బస్సెక్కాను.

ఆమె మా నాన్న చెల్లెలు. ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. మామది జమ్మలమడుగు పక్క పల్లె. ఆ రోజుల్లో మా వైపు పార్టీ అంటే జెండా కాదు, ఎవరి అరుగు మీద కూర్చుంటావనేదే. మామ ఒక అరుగుకు పెద్ద. ఊళ్ళో ఉంటే ప్రాణానికి ముప్పని కాపురం ప్రొద్దుటూరికి మార్చారు గానీ, మామ బుద్ధి మాత్రం పల్లెలోనే ఉండిపోయింది.

అత్త తన జీతంతో ఒక చిన్న పెట్రోలు కారు కొనుక్కుంది. మూడు సిలిండర్లు, ఎనిమిది వందల సీసీ, ముప్పై ఏడు హార్స్ పవర్. ఈ లెక్క ఆమె బడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆడమనిషి స్టీరింగు పట్టుకుని పోతుంటే అంగళ్ళవాళ్ళు తూకం ఆపి చూసేవాళ్ళు. "చూడనీప్పా, కండ్లు వాళ్ళవి" అనేది. నేనప్పుడు ప్రొద్దుటూరులోనే ఒక షెడ్డులో మెకానిక్కును. ఆమెకు బండి పని నేర్పింది నేనే. ఆమె శ్రద్ధ మాత్రం నాకు ఈనాటికీ పూర్తిగా అబ్బలేదు.

పొద్దున టీ తాగకముందే రేడియేటర్లో నీళ్ళు చూసేది. స్టార్ట్ చేసి, వెంటనే కదిలించకుండా, తల పక్కకు వంచి వినేది. మూడు సిలిండర్ల ఇంజిన్లో ఒక్క ప్లగ్ సరిగ్గా మండకపోయినా బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. "వొరే, ఒకటి పలకడంల్యా, చూడు" అని కబురు పంపేది. విప్పితే ప్లగ్గుకు మసి పట్టి ఉండేది. ఎండాకాలం ఎర్రగుంట్ల దారిలో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి నిలిచిపోతే, మా మగవాళ్ళలాగా బానెట్ మీద గుద్దేది కాదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, నీడన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. "బండి చెప్తానే ఉంటాదప్పా, మనమే వినం" అంటూ మామ వైపు ఒక చూపు చూసేది.

ఆమె భయపడేది వేడికి ఒక్కదానికే. అల్యూమినియం హెడ్డు వేడెక్కితే వంగుతుంది. వంగితే హెడ్డుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే పలుచని గాస్కెట్ రేకు కాలుతుంది, నీళ్ళు కలిసి ఆయిలు పాల టీ రంగుకు తిరుగుతుంది. వేడి చూపే సూది సగం దాటితే చాలు, ఎంత తొందరున్నా బండి పక్కకు తీసేది. ఇంకొకటి కూడా నేర్పాను. ఎక్కడైనా బండిని వదిలి వెళ్ళాల్సి వస్తే, డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే రోటర్ అనే చిన్న ముక్కను తీసి సంచిలో వేసుకొమ్మన్నాను. అది లేకపోతే ప్లగ్గులకు నిప్పు అందదు. స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజిన్ లేవదు. దొంగల కోసం చెప్పిన కిటుకు అది.

ఫ్యాక్షన్లో ఎన్ని ఘోరాలు జరిగినా ఒక కట్టుబాటు ఉండేది. ఆడమనిషి ఉన్న బండి జోలికి పోరు. మామ జీపు చప్పుడు చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి, జీపు ఇంట్లో పెట్టి అత్త కారు వాడటం మొదలుపెట్టారు. ముందు అత్త. వెనక సీటు కింద కాళ్ళు ముడుచుకుని మామ, పైన దుప్పటి. పంచాయతీల్లో మీసం తిప్పే మనిషి దుప్పటి కింద! కొన్నాళ్ళకు మామతో పాటు ఇద్దరు ముగ్గురు మనుషులు కూడా. "ఇంత బరువు లాగేకి ఇదేమన్నా లారీనా?" అని మాత్రం అనేది అత్త. మేం నవ్వేవాళ్ళం. ఆమె మొగుణ్ణి కాపాడుకుంటోందని గొప్పగా చెప్పుకున్నాం గానీ, ఆమెను అడ్డం పెట్టుకుని తిరుగుతున్నామని ఒక్కరమూ అనుకోలేదు. సిగ్గుపడాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎలక్షన్లు వచ్చాయి. జమ్మలమడుగులో నామినేషన్లు. ముందు రోజు సాయంత్రం అత్త బడి నుంచి వచ్చి డిక్కీ తెరిస్తే, తన పాత చీర కప్పిన గంప ఒకటి కనిపించింది. చీర తీస్తే ఇసుకలో పొదిగిన నాటు బాంబులు. రోజూ వీధిలో ఆడపిల్లల్ని ఎక్కించుకుని బడికి పోయే బండి అది. ఎవరినీ ఏమీ అడగకుండా డిక్కీ మూసేశానని తర్వాత నాతో చెప్పింది.

పొద్దున నాకు కబురు వచ్చింది, బండి లేవడం లేదని. పోయేసరికి మామ, ఆయన మనుషులు ఉతికిన చొక్కాలు తొడుక్కుని కాచుకుని ఉన్నారు.

"బిర్నా చూడు అల్లుడా, టయిమైతాంది."

బండి లేవకపోతే మూడు చూడాలి: పెట్రోలు, గాలి, నిప్పు. పెట్రోలూ గాలీ బాగానే ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. రోటర్ లేదు.

ప్లగ్గు తనంతట తాను చెడుతుంది. గాస్కెట్ తనంతట తాను కాలుతుంది. రోటర్ తనంతట తాను నడిచిపోదు. తలెత్తి చూశాను. అత్త బడిసంచి భుజానికి తగిలించుకుని గడపలో నిలబడి ఉంది. బతిమాలే చూపు కాదది. బోర్డు మీద లెక్క రాసి, పిల్లవాడు ఏం చెబుతాడోనని టీచరు చూస్తుందే, ఆ చూపు. నేను మూత పెట్టేశాను.

"హెడ్ గాస్కెట్ పోయింది మామా. ఇంగ ఈ దినానికి బండి రాదు."

"నిన్న బాగుండె గదరా!"

"నిన్న బాగుంటాది, ఈ దినం పోతాది. గాస్కెట్ అంటే అంతే మామా."

అబద్ధం చెప్పాక దానికి తగ్గ పని కూడా చేసి చూపాలి గదా. అందరి కళ్ళ ముందే బంగారం లాంటి ఇంజిన్ విప్పి హెడ్ దించాను. గాస్కెట్ నిక్షేపంలా ఉంది. మామకు బండి గురించి తెలిసిందల్లా హారన్ ఒక్కటే, అందుకని నేను భయపడలేదు.

మామ మనిషిని పంపి టాక్సీ స్టాండు నుంచి బండి పిలిపించాడు. వచ్చింది మా డ్రైవరన్న. ఏ అరుగు మీదా కూర్చోని మనిషి. ఆయన కారు సర్వీసుకు మా షెడ్డుకే వచ్చేది. నా పక్కన గొంతుక్కూర్చుని గాస్కెట్ చేతిలోకి తీసుకున్నాడు. కాలిన గాస్కెట్‌కు సిలిండర్ల మధ్య నల్లటి చార ఉంటుంది. దానికి లేదు. నా మొహంలోకి చూసి, చిన్నగా నవ్వి, దాన్ని కింద పెట్టాడు. "ఇంట్లో చెప్పి వస్తా సామీ" అని మామతో అని ఇంటికి పోయి వచ్చాడు. ఈలోగా మామ మనుషులు గంపను అత్త డిక్కీ నుంచి తీసి, ఆయన వచ్చాక ఆయన డిక్కీలో పెట్టారు.

అది నేను చూశాను. "అన్నా, పోవద్దు" అనడానికి నాకు నోరు రాలేదు. అంటే గాస్కెట్ సంగతి, అత్త సంగతి బయటపడతాయి. ఆ క్షణాన అంతే ఆలోచించాను.

జమ్మలమడుగు చేరకముందే కల్వర్టు దగ్గర అవతలివాళ్ళు కాచుకున్నారు. ఆ బండిలో ఆడమనిషి లేదు. మామ, ఆయన మనుషులు దూకి జొన్నచేలల్లో పడి పరుగెత్తారు. స్టీరింగు వెనక ఉన్నవాడికి ఆ వ్యవధి దొరకలేదు. విసిరిన బాంబు తగిలిందో, డిక్కీలోదే పేలిందో పోలీసులు కూడా తేల్చలేదు. మామ ఆ తర్వాత చాలాకాలం బతికి, చక్కెర జబ్బుతో మంచంలో పోయాడు.

నేను మళ్ళీ హెడ్ బిగించాను. అత్త సంచిలోంచి రోటర్ తీసి నా చేతిలో పెట్టింది.  కొన్నాళ్ళకు ఆమె డ్రైవరన్న ఇంటి ముందు బండి ఆపి, ఆయన పిల్లలిద్దర్నీ ఇక తానే వాళ్ళ బడులకు తీసుకుపోతానంది. అమ్మాయి ఇడుపులపాయలో ఇంజినీరింగ్ సీటు తెచ్చుకునేదాకా, పిల్లవాడు పది గట్టెక్కేదాకా తీసుకుపోయింది. లెక్కలు కూడా తానే చెప్పింది. వాళ్ళమ్మ రోజూ పిల్లల్ని ఎక్కించి, బండికి ఎదురుగా నిలబడి రెండు చేతులెత్తి దండం పెట్టేది. "పెట్టొద్దుమా, నాకు పెట్టొద్దు" అని అత్త తల తిప్పుకుని గేరు వేసేది. ఆ దండమే ఆమెను లోపల్లోపల తినేసింది.

ఒకసారి షెడ్డులో నేను ఆయిల్ మారుస్తుంటే అడిగింది.

"నేను పోయింటే బండి ఆపిండరు గదా? నిజం చెప్పు."

"డిక్కీలో గంపుండె గదత్తా. గుంతలో పడి పేలింటే?"

"పేలింటే నేను పోతాంటి. ఆయప్ప ఉంటాండె."

నేను మళ్ళీ బండి కిందికి దూరాను. "ఆయమ్మకు చెప్పాలప్పా. చెప్పకుండా ఆ దండం ఎట్ల తీసుకునేది?" అంది. "వద్దత్తా, పాత పుండు రేపొద్దు" అన్నాను. ఆమె అడిగిన ప్రతిసారీ అదే చెప్పాను. పుండు మీద దయతో కాదు. ఆమె నోరు తెరిస్తే గాస్కెట్ అబద్ధం నాదని తెలుస్తుంది, గంప మార్చేటప్పుడు నేను చూస్తూ నిలబడ్డానని తెలుస్తుంది. అదీ నా భయం. ఆమె నా మాట విని ఊరుకుంది. నాకు పనిలో ఓపిక నేర్పిన మనిషికి నేను నేర్పింది నోరు మూసుకోవడం.

దినాల నాడు బంధువులంతా వచ్చారు. భోజనాల దగ్గర ఎప్పటి పరాచికమే మళ్ళీ లేచింది, నామినేషన్ నాడే గాస్కెట్ పోగొట్టుకున్న టీచరమ్మని, ఆడవాళ్ళ చేతికి బండిస్తే అంతేనని. ఆమె అంత బాగా బండిని చూసుకున్నవాళ్ళను నా సర్వీసులో నేను చూడలేదు.  లేచి బయటికి వచ్చాను.

ఇంటి పక్కన రేకుల కింద అత్త బండి ఉంది. డ్రైవరన్న భార్య దాని దగ్గర నిలబడి అద్దం మీది దుమ్మును కొంగుతో తుడుస్తోంది. ఇప్పుడు కూడా చెప్పకపోతే నేను మనిషినే కాదనిపించింది.

"వదినా, ఆ దినం అత్త బండికి ఏమీ కాల్యా" అన్నాను. రోటరు, గంప, నా అబద్ధం, అన్నీ చెప్పాను. తిట్టినా, చెప్పు తీసి కొట్టినా పడదామనే చెప్పాను.

ఆమె తుడవడం ఆపలేదు.

"తెల్సప్పా. ఆ పొద్దున మీ అన్న ఇంటికొచ్చినాడు గదా. టీచరమ్మ బండికి ఏమీ కాల్యా, గాస్కెట్ కొత్తదాని మాదిరి ఉండాది, ఆయమ్మకు పోను ఇష్టంల్యా, నేను గూడా పోకుంటే ఎట్లుంటాదే, అని నన్నడిగినాడు."

"నువ్వేమన్నావు వదినా?"

"ఆడమనిషికి భయమైతే నీకేమొచ్చె, మాటిచ్చినావు గదా పో, అని నేనే పంపిస్తి."

ఆమె కొంగు మడత మార్చి ఇంకో అద్దం తుడవసాగింది.

"ఆ మాట ఆయమ్మకు చెప్పుకుందామని పొద్దున్నే బండికాడ నిలబడుకుంటాంటి. ఆయమ్మ ఒక్క మాటెత్తింటే నాదీ చెప్పుకోని ఏడుస్తాంటి. ఆయమ్మ ఎత్తల్యా. ముందు నేనెత్తేకి నాకు నోరు రాల్యా. దండం పెట్టి లోపలికి పోతాంటి."

"ఆమె చెప్తానన్నాది వదినా. వద్దని ఆపింది నేను" అన్నాను.

 ఆమె నా వైపు చూడనైనా లేదు. బండి తలుపు తీసింది. అన్నేళ్ళూ పిల్లల్ని ఎక్కించిందే తప్ప, ఆ బండిలో తానెన్నడూ కూర్చోలేదు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. కాళ్ళు మాత్రం బయట నేల మీదే ఉన్నాయి. లోపల్నుంచి భోజనాలకు పిలుస్తున్నారు. ఆమె వినిపించుకోకుండా, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరూ లేని స్టీరింగు వైపు తిరిగి మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది.