కోసిన మల్లెకు నీళ్ళు

2023 జనవరి. కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. చలికాలం వస్తే మొక్కల అమ్మకం కన్నా రాజమండ్రి ఇళ్ళల్లో ప్రూనింగ్ పనే నాకు ఎక్కువ. ప్రూనింగ్ అంటే చేతికొచ్చినట్టు కొమ్మలు నరకడం కాదు, పూత ఎక్కడ వస్తుందో తెలుసుకుని కోయడం. మందారం, కాగితం పూలు ఒక విడత పూసి అలిశాక కోస్తాం. మల్లె అలా కాదు. కొత్త చిగురు మీదే మొగ్గ వేస్తుంది. అందుకే చలిలో నీళ్ళు మాన్పించి, మోకాలెత్తుకు కోసి, మిగిలిన ఆకంతా దూసేయాలి. చూసేవాళ్ళకి మొక్క చచ్చిపోయినట్టే ఉంటుంది.

ఆ నెలలో దానవాయిపేటలో ఒకింటికి పిలిచారు. పిలిచింది ఆ ఇంటి కోడలు శ్రావణి. బ్యాంకులో ఉద్యోగం, ఐదో నెల కడుపు. పెరట్లో మల్లె గోడెక్కి పాకింది గానీ రెండేళ్ళుగా ఆకులే తప్ప పూలు లేవు. చనిపోయిన వాళ్ళమ్మ తన చేత్తో అంటు కట్టి ఇచ్చిన మొక్కట.

"ఏడో నెలలో సీమంతం చేస్తారండి. జడ మా అమ్మ మల్లెలతోనే వేయించుకోవాలని ఉంది. అప్పటికి పూస్తుందాండి?"

నేను జవాబు చెప్పేలోపే అత్తగారు సుభద్ర గారు అడ్డం వచ్చారు. "కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా పచ్చని మొక్కకి కత్తి తగలకూడదండి. మా అబ్బాయి చేత కొబ్బరికాయ కూడా కొట్టించట్లేదు. బజార్లో పూలు దొరకవా ఏంటి?"

"కోసేది మనింటి మనిషి కాదు కదా అత్తయ్య గారూ," అంది శ్రావణి.

సుభద్ర గారు నన్ను వసారాలోకి తీసుకెళ్ళారు. "పోయినేడు కడుపు నిలవలేదండి. ఇప్పుడు ఈ మొక్క గానీ ఎండిపోతే పిల్ల తట్టుకోలేదు. ఇంకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. మొదలు ముదిరిపోయిన మల్లె. తప్పకుండా చిగురిస్తుందని ఏ నర్సరీ వాళ్ళూ రాసివ్వలేరు. ఆ మాటే ఇద్దరికీ చెప్పాను. శ్రావణి మొక్క వంకే చూస్తూ నిలబడింది. చివరికి సుభద్ర గారే, "దేవుడి మీద భారం వేసి కానివ్వండి," అని లోపలికి వెళ్ళిపోయారు. నీళ్ళు మాన్పించి, మట్టి ఆరాక వెళ్ళి కోసి వచ్చాను.

కొన్నాళ్ళకు చిగుళ్ళు వచ్చాయని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే శ్రావణి ఫోన్ చేసింది. "చిగుళ్ళు నల్లబడి రాలిపోతున్నాయండి."

పడుతూ లేస్తూ వెళ్ళాను. వేలు గుచ్చితే మట్టంతా బురద, పులిసిన వాసన. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఎవరండీ ఇన్ని నీళ్ళు పోస్తున్నది?" అని కసిరాను.

సుభద్ర గారు తల దించుకున్నారు. "పొద్దున బియ్యం కడుగు పోస్తున్నానండి, సాయంత్రం పప్పు కడిగిన నీళ్ళు. బోసిగా అలా నిలబడి ఉంటే చూడలేకపోయాను. దీనికేమన్నా అయితే అమ్మాయికీ అవుతుందేమోనని భయం. నిద్ర పట్టట్లేదండి."

తిడదామనుకున్న మాటలన్నీ మింగేశాను. మొదలు దగ్గర మట్టి తవ్వి గాలి తగలనిచ్చి, ఇసుక కలిపి, నల్లబడ్డ కొనలు తీసేశాను. తర్వాత ఆవిడ చేయి పట్టుకుని వేలు మట్టిలోకి గుచ్చించాను. "తడి తగిలితే పోయకండి. పోయాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చేయండి."

ఆవిడ నిజంగానే రోజూ చేసేవారు. "పైన పొడిగా ఉందండి, పోయనా?" "లోపల చూశారా?" "తడిగానే ఉందండి." "అయితే వద్దండి." ఆవిడ నంబరు కనిపిస్తే చాలు, ఏం వినాల్సొస్తుందోనని భయపడేదాన్ని. ఆ మొక్క పోతే ఆ ఇంటి గడప మళ్ళీ ఏ మొహం పెట్టుకుని తొక్కాలి అనుకునేదాన్ని.

మార్చిలో ఒక పొద్దున సుభద్ర గారి ఫోన్ వచ్చింది.

"మొగ్గలండి," అన్నారు.

"ఎన్ని వేసింది?"

"లెక్కపెట్టకూడదండి, దిష్టి తగుల్తుంది," అంటూ ఏడ్చేశారు.

సీమంతం నాటికి పూసినవి జడ నిండా సరిపోలేదు, బజారు పూలు కలిపారు. వాళ్ళమ్మ మల్లెలు మాత్రం మెడ దగ్గర గుచ్చించుకుంది శ్రావణి. ఎండాకాలంలో పాప పుట్టింది.

ఇదివరకు నేను కోసి, ఎరువు వేసి, చేతులు కడుక్కుని వచ్చేసేదాన్ని. ఇప్పుడు పనయ్యాక ఆ ఇంట్లో ఎక్కువ భయపడుతున్నది ఎవరో చూస్తాను. వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ భయమేంటో విన్నాకే నీళ్ళ సంగతి చెప్తాను.